శ్రీకాకుళంలో డార్క్ చాక్లెట్: గింజ నుంచి బార్ దాకా నా ప్రాజెక్టు డైరీ

నవంబరు మొదటి వారం

ఈ చలికాలం వెళ్లేలోగా మా ఇంట్లో ఒక మంచి డార్క్ చాక్లెట్ బార్ తయారు కావాలి. కోకో 70 పాళ్లు, పంచదార 30 పాళ్లు, అంతే. వెనిల్లా వద్దు, ముద్దను జారుడుగా చేసే లెసిథిన్ వద్దు, పాలపొడి ఊసే వద్దు. గింజ మన రాష్ట్రంలో పండినదై ఉండాలి. వేపడం దగ్గర్నుంచి అచ్చుల్లో పోయడం దాకా పనంతా శ్రీకాకుళంలో, మా వంటింట్లోనే జరగాలి. విరిస్తే టక్కుమనాలి. నాలుక మీద పెట్టుకుంటే ఇసుక తగలకుండా కరగాలి. కరిగిపోయాక కూడా గింజ రుచి కాసేపు నోట్లో నిలవాలి.

మంచి చాక్లెట్ కొనుక్కుందామంటే దొరక్క కాదు. ఆరోవిల్‌లో మేసన్ అండ్ కో, కొచ్చిలో పాల్ అండ్ మైక్, హైదరాబాదులో మనం చాక్లెట్ వాళ్లు గింజ నుంచి బార్ దాకా తామే చేస్తున్నారు. తెప్పించుకుని తింటూనే ఉన్నాను. బెల్జియంలో ఉన్నన్నాళ్లూ నేను వెతుక్కుని తిన్న బార్లకు అవి ఏమాత్రం తీసిపోవు. కానీ అక్కడి లూవెన్ ఊళ్లో ఉన్నప్పుడే ఒక సందేహం పట్టుకుంది. అట్ట మీద ఒకేలా 70 శాతం అని ఉన్న రెండు బార్లు రుచిలో ఒకదానికొకటి పోలికే లేకుండా ఎందుకుంటాయి? చదివితే కొంత తెలిసింది. మిగతాది చేత్తో చేస్తేగానీ తెలియదని అప్పుడే అనిపించింది.

పైగా ఆ గింజ పండేది మన పక్కనే. దేశంలో కోకో పంటకు మన రాష్ట్రమే ముందుంది. ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన అంతర పంటగా వేస్తారు. ఇక్కడ రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అక్కడ దిగొచ్చు.

అదే వారం, లూవెన్ సంగతులు

పని మొదలుపెట్టే ముందు అక్కడ తిన్నవీ, తెలుసుకున్నవీ ఒకచోట రాసి పెట్టుకుంటున్నాను. రేపు నా బార్‌ను దేనితో పోల్చాలో తెలియాలి కదా.

అక్కడ కాఫీ అడిగితే సాసర్ అంచున ఒక చిన్న చాక్లెట్ ముక్క పెట్టి ఇస్తారు. నా మొదటి డార్క్ చాక్లెట్ అదే. పంచదార లేని కాఫీ ఒక గుక్క తాగి ఆ ముక్క నోట్లో వేసుకుంటే, విడిగా తిన్నప్పుడు తెలియని తీపి అందులోంచి బయటికొచ్చింది. ఆ తర్వాత డెలేజ్ సూపర్ మార్కెట్‌లో చాక్లెట్ల వరస ముందు నిలబడి అట్టలు చదవడం నాకు శనివారం పని అయిపోయింది. ఏనుగు బొమ్మ ఉన్న కోట్ డోర్ అక్కడ ఇంటింటి చాక్లెట్, 1883 నుంచి ఉన్న పేరు. దానితో మొదలుపెట్టి లిండ్ట్ 70, 85, 90 దాకా వెళ్లాను. బ్రస్సెల్స్ గ్యాలరీలో నాయ్‌హౌస్ కొట్టుకు వెళ్తే లోపల మెత్తటి పూర్ణం పెట్టిన ప్రలీన్లు ఉంటాయి. 1912లో వాటిని మొదలుపెట్టింది ఆ ఇంటివాళ్లే. చాలా బాగుంటాయి, కానీ వాటిలో గింజ రుచి వెతికితే దొరకదు. నాకు కావాల్సింది పలక చాక్లెట్.

అంకె పెరిగితే చాక్లెట్ మంచిదవుతుందని నేనూ అనుకునేదాన్ని. ఒకరోజు మడగాస్కర్ గింజ బారూ, ఈక్వడార్ గింజ బారూ పక్కపక్కన పెట్టి తిన్నాను. రెండూ 70 శాతమే. మొదటిది పుల్లగా, ఎర్ర పళ్ల రుచితో నాలుకను గిలిపెట్టింది. రెండోదానిలో పూల వాసన, పులుపు దాదాపు లేదు. 70 అంటే గింజ నుంచి వచ్చిన భాగం ఎంతో చెప్పే లెక్క మాత్రమే. అందులో కోకో బటర్, అంటే గింజ కొవ్వు ఎంత, గింజ ముద్ద ఎంత అన్నది కూడా ఆ అంకెలో తెలియదు. ఎక్కువ బటర్ కలిపిన 75, తక్కువ బటర్ ఉన్న 65 కంటే మెత్తగా, తక్కువ చేదుగా ఉండొచ్చు.

అందుకే సరుకుల జాబితా చదవడం అలవాటు చేసుకున్నాను. డార్క్ అని పేరు పెట్టుకున్న బార్‌లో మొదటి పేరు కోకో మాస్, అంటే గింజ ముద్ద, అయి ఉండాలి. పంచదార మొదట ఉంటే అది పంచదార బారే. యూరప్‌లో చాక్లెట్ అనిపించుకోవడానికి కోకో 35 శాతం ఉంటే చాలు, అందులో కోకో బటర్ 18 శాతానికి తగ్గకూడదు. 2000లో వచ్చిన నిబంధన ప్రకారం కోకో బటర్ కాక వేరే కొవ్వు 5 శాతం వరకు కలపొచ్చు, ఆ సంగతి అట్ట మీద రాయాలి. అలా ఒప్పుకున్న కొవ్వులు ఆరే. ఆ ఆరింటిలో మామిడి జీడి కొవ్వు, సాల్ గింజల కొవ్వు ఉన్నాయని చూసి నేను అక్కడే కొట్లో నిలబడిపోయాను. సాల్ అంటే ఒడిశా సరిహద్దు కొండల్లో పెరిగే మన గుగ్గిలం చెట్టే.

సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు బార్లు చేతిసంచిలోనే తెచ్చేదాన్ని. విమానంలో ఏమీ కాదు. విశాఖలో దిగాక కారు డిక్కీలో వంద కిలోమీటర్ల పైచిలుకు దారి ఉంటుంది చూడండి, మే నెలలో అయితే చాక్లెట్ అక్కడ కరిగిపోతుంది. మళ్లీ గట్టిపడ్డాక పైన తెల్లటి పొర, విరిస్తే పొడి. పాడైపోలేదు, తినొచ్చు. కానీ మా అమ్మకు నేను రుచి చూపించాలనుకున్న చాక్లెట్ అది కాదు.

నవంబరు మూడో వారం: గింజలు

తెలిసినవాళ్ల ద్వారా ఏలూరు జిల్లాలో ఒక రైతుగారి నంబరు దొరికింది. ఫోన్లో అడిగిన మొదటి మాటకే, "పులవబెట్టినవి కావాలాండి, ఎండేసినవి కావాలాండి?" అన్నారు. ఆ ప్రశ్న వినగానే సరైన మనిషి దగ్గరికే వచ్చానని అర్థమైంది. వెళ్లి చూసే వచ్చాను.

కాయ మొదలంటా చెట్టు మాను మీదే కాస్తుంది. పగలగొడితే లోపల తెల్లటి గుజ్జులో గింజలు ఒత్తుగా పేర్చి ఉంటాయి. గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా ఉంది, సీతాఫలంలాగా చప్పరించి గింజ ఉమ్మేయొచ్చు. గింజను అప్పుడే కొరికితే చాక్లెట్ వాసన ఇసుమంతైనా ఉండదు, వగరు, చేదు తప్ప. ఆ గింజకు చాక్లెట్ రుచి పుట్టేది చెక్కపెట్టెల్లో.

గుజ్జుతో సహా గింజల్ని పెట్టెలో పోసి అరిటాకులూ గోనెపట్టాలూ కప్పుతారు. ముందు ఈస్ట్ గుజ్జులోని చక్కెరను తిని సారాయి చేస్తుంది. రెండో రోజు దాటాక తిరగేసి గాలి తగలనిస్తే వేరే బ్యాక్టీరియా వచ్చి ఆ సారాయిని వెనిగర్ చేస్తుంది. అప్పుడు కుప్ప లోపల వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికీ పులుపుకీ గింజ చచ్చిపోతుంది, మొలకెత్తే గుణం పోతుంది. గింజ లోపలి గోడలు విడిపోయి, రేపు వేపినప్పుడు చాక్లెట్ వాసన ఇచ్చే పదార్థాలు అప్పుడే తయారవుతాయి. వగరు తగ్గుతుంది. ఐదారు రోజులయ్యాక ఎండలో ఆరబెడతారు. తేమ 7 శాతానికి దిగితే గాని సంచికెత్తరు. ఆయన ఒక పెట్టె మూత తీసినప్పుడు వచ్చిన ఘాటుకు నా కళ్లు చెమ్మగిల్లాయి. చేయి లోపల పెట్టమన్నారు. ఎక్కువసేపు ఉంచలేకపోయాను, అంత వేడి.

"ఈ వారం రోజులు ఓపిక పట్టకపోతే, తర్వాత మీరు ఎంత మిషన్ తెచ్చినా చేదేనండి," అన్నారాయన. నాకు లూవెన్‌లో పట్టుకున్న సందేహానికి జవాబులో సగం ఈ మాటే.

గింజల్ని కోసి చూపించారు. పొడవునా బ్లేడుతో చీల్చితే, బాగా పులిసినది లోపల చాక్లెట్ రంగులో, మెదడులాగా మడతలు మడతలుగా విడివడి ఉంటుంది. సగం పులిసినది ఊదారంగు. అసలు పులవనిది పలకరాయి రంగులో గట్టిగా, మడతలేమీ లేకుండా ఉంటుంది. గుప్పెడు తీసి వరసగా కోశాం. దాదాపు అన్నీ గోధుమరంగే, అక్కడక్కడా ఊదా. వెంటనే సంచి కట్టించి ఆర్టీసీ కార్గోలో వేయించాను. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో సంచి అందుకున్నప్పుడు కార్గో కౌంటర్ అబ్బాయి, "ఏటి మేడమ్, ఊరగాయ పంపించారా?" అన్నాడు. వెనిగర్ వాసన అలా కొడుతోంది.

డిసెంబరు: వేపు

ఓటీజీ ఓవెన్‌లో పలుచగా పరిచి వేపుతున్నాను. ఒకే సంచి గింజను రెండు రకాలుగా చేశాను. 140 డిగ్రీల దగ్గర అరగంట ఉంచినవి చక్కటి మాడువాసనతో, ఏ హోటల్ బ్రౌనీలోనైనా కనిపించే రుచితో వచ్చాయి. 120 దగ్గర అంతసేపే ఉంచినవాటిలో పులుపు కొంచెం మిగిలింది, కానీ ఎండుద్రాక్షలాంటి రుచి ఒకటి స్పష్టంగా తెలిసింది. ఎక్కువ వేడి ఆ ద్రాక్షను చంపేస్తోంది. నాకు ద్రాక్షే కావాలి. ఇక 120కే ఖాయం చేసుకున్నాను.

ఎప్పుడు దించాలో గడియారం కంటే ముక్కు బాగా చెబుతుంది. మొదట వెనిగర్. తర్వాత తడి చెక్క. ఆపైన ఇంట్లోకి ఎవరొచ్చినా "కేకు చేస్తున్నారా?" అని అడిగే వాసన. పొట్టు చిటపటలాడటం మొదలైందంటే దించేయడమే. వేడి తగ్గడానికి వెంటనే పెద్ద పళ్లెంలో పోసి ఫ్యాన్ కింద పెట్టాలి, లేకపోతే తన వేడికి తానే ఇంకా వేగిపోతుంది.

డిసెంబరు, అమ్మ చేట

వేగిన గింజల్ని చపాతీ కర్రతో మెల్లగా నలిపితే పొట్టు విడి, లోపలి పప్పు పలుకులవుతుంది. పొట్టును పలుకుల్నుంచి విడదీయడానికి విదేశాల్లో చిన్న తయారీదారులు వాక్యూమ్ క్లీనర్‌తో పైపులు బిగించి యంత్రాలు కట్టుకుంటారు. నేను హెయిర్ డ్రయర్ తీసుకుని డాబా మీదికెక్కాను.

అమ్మ చూసి, "అదేటే, చేట నేదా?" అని కిందికెళ్లి చేట తెచ్చింది.

ఇక్కడ నేను పక్కన కూర్చుని చూసింది రాయాలి. అమ్మ ఒక దోసెడు మాత్రమే పోసుకుంటుంది. మొదట చేటను పక్కలకు ఊపుతుంది, పలుకులన్నీ కిందికి దిగి, పొట్టు పైకి తేలుతుంది. అప్పుడు చివరను కొంచెం పైకెత్తి, మణికట్టుతో ఒక్క విసురు. మొత్తం గాల్లోకి జానెడెత్తు లేస్తుంది. పలుకులు తిరిగొచ్చి చేటలో పడేలోగా పొట్టు ముందుకెళ్లిపోతుంది. నోటితో ఊదదు. గాలి ఎటు ఉందో చూసుకుని దానికి వీపు పెట్టి కూర్చుంటుంది, అంతే. చివరికి చేట మూలకు చేరేవి సన్నటి మొలకముల్లులు. గట్టిగా, చేదుగా ఉండే ఆ ముల్లును కూడా తీసేయాలని నేను చదివాను, ఎలా తీయాలో తెలియలేదు. అమ్మకు ఎవరూ చెప్పలేదు. బియ్యంలో మట్టిబెడ్డ ఎక్కడ చేరుతుందో అక్కడే చేరిందని చూపుడు వేలితో అవతలికి నెట్టేసింది.

తూకం వేస్తే కిలో గింజకు పలుకులు ముప్పావు కిలోకు పైనే వచ్చాయి. పుస్తకాల లెక్క కూడా అదే. పొట్టు పారేయలేదు. వేడినీళ్లలో వేసి వడకడితే కోకో వాసనతో టీలాంటిది వస్తుంది, మిగిలింది మందారం కుండీల్లోకి.

జనవరి, సంక్రాంతి ముందు: గ్రైండర్

చాక్లెట్ మెత్తదనం రుబ్బుడులో ఉంది. 1879లో స్విట్జర్లాండ్‌లో రొడోల్ఫ్ లిండ్ట్ ముద్దను గంటల తరబడి కలియతిప్పే యంత్రం చేసేదాకా చాక్లెట్ అంటే గరగరలాడే పదార్థమే. ఆ పనికి పెద్ద ఫ్యాక్టరీ కావాలన్నది మొన్నమొన్నటి మాట. 2000 తర్వాత అమెరికాలో ఇళ్లలో చాక్లెట్ చేయడం మొదలుపెట్టినవాళ్లు చవకగా, రాత్రంతా తిరిగే రాయి కోసం వెతికితే దొరికింది మన ఇడ్లీపిండి గ్రైండర్. కోయంబత్తూరు గ్రైండర్! మోటారు గట్టిది వేసి, అక్కడక్కడా మార్చి, ఇప్పటికీ ప్రపంచంలో చాలామంది చిన్న తయారీదారులు ఆ రకం రాళ్ల మీదే చేస్తున్నారు. ఈ సంగతి నాకు లూవెన్‌లో తెలిసింది. ఇంటికొస్తే మూల గుడ్డ కప్పి అదే గ్రైండర్ ఉంది.

పిండి వాసన ఉన్న గ్రైండర్ పనికిరాదు కనుక చాక్లెట్‌కు వేరే చిన్నది కొన్నాను. కొలత ఇలా పెట్టుకున్నాను: పలుకులు 650 గ్రాములు, కోకో బటర్ 50, పంచదార 300. కోకో బటర్ విశాఖ నుంచి తెప్పించాను. పంచదారను మిక్సీలో పొడి చేసి ఓవెన్‌లో పొడిగా ఆరనిచ్చాను. చాక్లెట్‌కు నీళ్లంటే పడదు. ఒక్క చుక్క పడినా పంచదార తడిసి ఉండలు కట్టి ముద్దంతా బిగుసుకుపోతుంది. సముద్రం ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్లో గాలిలోనే తేమ. అమ్మ బెల్లం వేద్దామంది. బెల్లంలో ఉన్న తేమ చాలు ముద్ద బిగుసుకోవడానికి, అందుకే ఈ విడతకు వద్దన్నాను.

పలుకుల్ని గోరువెచ్చగా చేసి, తిరిగే రాయి మీద చెంచాడు చెంచాడుగా వేయాలి. మొదటి పావుగంట రాళ్లు మొరాయిస్తాయి, పొడి అంచులకు పాకుతుంది, చప్పుడు గరగరమని గోడ అవతలికి వినిపిస్తుంది. పలుకులో సగానికి పైగా కొవ్వే. రాపిడి వేడికి ఆ కొవ్వు కరిగి, పొడి కాస్తా బురదయి, బురద కాస్తా జారుడవుతుంది. చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోతుంది. తొంగి చూస్తే రాళ్ల మధ్య నుంచి నల్లగా నిగనిగలాడుతూ రిబ్బనులా జారుతుంటుంది. నీళ్లు లేవు, నూనె పోయలేదు. గింజ తనంతట తానే పానకమైంది.

మామూలు గ్రైండర్ మోటారు గంటసేపు పిండి రుబ్బడానికి చేసినది. అందుకని విడతలు విడతలుగా, మధ్యలో చల్లారనిస్తూ, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి తిప్పాను. అన్నీ కలిపి ఒక రాత్రీ పగలంత పని. మూత తీసే ఉంచాను. వెనిగర్ ఆవిరైపోవాలంటే దారి ఉండాలి. పొద్దున్న ముక్కు పెడితే ఘాటు, సాయంత్రానికి సగం, మర్నాటికి దాదాపు లేదు.

ఎంత మెత్తబడిందో తెలుసుకోవడానికి వీధి చివర లేత్ షాపులో మైక్రోమీటర్ అరువడిగాను. నూనెలో కలిపిన బొట్టును రెండు ముఖాల మధ్య పెట్టి చూస్తే 25 మైక్రాన్ల దగ్గర ఆగింది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 30 దాటితే నాలుకకు ఇసుక తెలుస్తుంది. షాపాయన కూడా ఒక వేలు నాకి, "ఇంకో గంట తిప్పండమ్మా, పంటికి తగులుతోంది," అన్నారు. తిప్పాను. ఆయన చెప్పింది నిజమే.

జనవరి చివర: టెంపరింగ్

ముద్దను కొన్నాళ్లు డబ్బాలో గడ్డకట్టి ఉంచాక రుచి సర్దుకుంది, పులుపూ చేదూ కలిసిపోయాయి. ఇక బార్ చేయాలి.

కోకో బటర్ గడ్డకట్టే తీరులు ఆరున్నాయి. అందులో అయిదో రకం స్ఫటికమే మనకు కావాల్సింది. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే గదిలో గట్టిగా, నోట్లో నీరుగా. మిగతావి ముందే కరిగిపోతాయి, లేదా తెల్లపొర తెస్తాయి. అయిదో రకం ఒక్కటే మిగలాలంటే చాక్లెట్‌ను 48 దాకా కరిగించి, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32 మధ్యకు తేవాలి. టెంపరింగ్ అంటే ఇదే. ఆ అంకెలు చూస్తే మా ఊరి ఇబ్బంది అర్థమవుతుంది. బెల్జియంలో గదిలో గిన్నె వదిలేస్తే అదే 28కి వచ్చేస్తుంది. ఇక్కడ ఏడాదిలో సగం రోజులు గదే 32. ప్రాజెక్టు చలికాలంలో పెట్టుకున్నది అందుకే. ఈ రోజుల్లో రాత్రులు 17, 18కి దిగుతున్నాయి, వంటింటి గ్రానైట్ గట్టు తెల్లవారుజామున రాయిలా చల్లగా ఉంటుంది.

నాలుగింటికి లేచి, కిటికీలు మూసి, ఏసీ 20లో పెట్టి, కరిగిన చాక్లెట్‌లో మూడొంతుల్లో రెండొంతులు గట్టు మీద పోసి గరిటెలతో పరచడం, పోగుచేయడం. చిక్కబడి గరిటె జాడ నిలవగానే గిన్నెలోకి. థర్మామీటర్ 31.5. చాకు మొనను ముంచి పక్కన పెడితే అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడింది. అచ్చుల్లో పోసి, బల్లకు తట్టి గాలిబుడగలు తీసి, కాసేపు ఫ్రిజ్‌లో. అచ్చు బోర్లిస్తే వాటంతట అవే ఊడిపడ్డాయి. అద్దంలా ఉన్నాయి. విరిచాను. టక్!

రెండో విడతకు పోసిన కాసేపటికే కరెంటు పోయింది. ఏసీ ఆగి, ఎండెక్కి, మధ్యాహ్నానికి బార్ల మీద బూడిదరంగు చారలు. కొవ్వు పైకి తేలిన జాడ అది. మళ్లీ కరిగించి మర్నాటి తెల్లవారుజామున పోస్తే సరిగ్గా వచ్చాయి. చాక్లెట్‌లో నాకు బాగా నచ్చిన గుణమిదే, ఎన్నిసార్లయినా కరిగించి మొదలుపెట్టొచ్చు.

దాచే పద్ధతి: రేకు కాగితం, దాని మీద జిప్ కవరు, ఆపైన గాలి చొరని స్టీలు డబ్బా, అప్పుడు ఫ్రిజ్. బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తీయకూడదు. తీస్తే చెమ్మ పట్టి పంచదార పైకి తేలుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా తింటే వాసన నోట్లో విప్పుకోదు కూడా. పావుగంట ఆగి, చిన్న ముక్క, నమలకుండా.

రథసప్తమి

అరసవల్లి దర్శనానికి బంధువులంతా వచ్చారు. ముక్కలు చేసి పంచాను. పిల్లలు ఉమ్మేస్తారనుకున్న చాక్లెట్‌ను పెదనాన్న మనవరాలు రెండోసారి అడిగింది. పాల చాక్లెట్‌కు అలవాటైన మా పిన్ని మాత్రం నోరు చిట్లించి మంచినీళ్లు అడిగింది. ఆమెకు కాఫీ ఇచ్చి, గుక్క తాగాక ఇంకో ముక్క నోట్లో పెట్టుకోమన్నాను. "ఇప్పుడు బాగున్నాది," అంది. బెల్జియం సాసర్ అంచు కిటుకు శ్రీకాకుళంలోనూ పనిచేస్తుంది. ఎవరికైనా మొదటిసారి డార్క్ చాక్లెట్ పెడితే ఇలాగే పెట్టండి.

అమ్మ చప్పరించి చప్పరించి, "చివరాఖర్న కిస్‌మిస్ తగుల్తంది కదే?" అంది. నేనెవరికీ చెప్పని మాట అది. 120 డిగ్రీల దగ్గర నేను కాపాడుకున్న రుచి అమ్మకు తెలిసింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగింది అప్పుడే.

కొన్ని బార్ల వెనుక నౌపడ ఉప్పు రవ్వలు చల్లాను, చేదు తగ్గి పళ్ల రుచి ముందుకొస్తుంది. పలాస జీడిపప్పు వేయించి వేసినవి ముందుగా అయిపోయాయి. నాకు మాత్రం ఏమీ వేయనివే ఇష్టం.

ఫిబ్రవరి చివర

లూవెన్‌లోనే ఉంటున్న తమ్ముడికి ఊరివాళ్లబ్బాయి చేత బార్లు పంపాను. వాడు లిండ్ట్ 70 పక్కన పెట్టి, వీడియో కాల్‌లో నా ముందే తిన్నాడు. "అప్పా, లిండ్ట్ నున్నగా ఉంది, నీదాంట్లో పులుపు ముందొస్తోంది. కానీ మింగేశాక లిండ్ట్ వెళ్లిపోయింది, నీది ఇంకా ఉంది," అన్నాడు. పులుపు మాట ఒప్పుకుంటాను. రుబ్బుడు సమయం ఇంకా పెంచాలి. నున్నదనానికి బటర్ మరో 20 గ్రాములు కలిపి చూస్తాను, అంతకంటే ఎక్కువ వద్దు, గింజ రుచి పలచబడుతుంది.

మార్చి: ఉద్దానం

మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర మావయ్య కొబ్బరితోటకు వెళ్లాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు సగం చెట్లు కూలిన తోట అది. మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడు ఎదుగుతున్నాయి. పాత చెట్ల కింద పడే చిక్కటి నీడను చూస్తే ఏలూరు తోటలే గుర్తొచ్చాయి. బార్ విరిచి ఇచ్చి, ఇది కొబ్బరి నీడన పండే పంటేనని చెప్పాను.

మావయ్య తింటూనే, "బాగున్నాది తల్లీ. మరి ఎవలు కొంటారు?" అన్నాడు.

2024లో ఘనా, ఐవరీకోస్ట్‌లలో పంట దెబ్బతిని అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను 10,000 డాలర్లు దాటింది. మన దగ్గర కూడా కిలో ధర ఎగబాకి, తర్వాత కిందికి జారింది. ఆ ఒక్క ఏడాది ధర చూపించి ఎవరికీ మొక్క నాటమని చెప్పను. మావయ్యకు ఇబ్బందులే ముందు చెప్పాను. మూడో ఏడు దాకా కాపు ఉండదు. వేసవిలో నీళ్లు కావాలి, ఉద్దానంలో వేసవి నీళ్లే కష్టం. ఉడతలు కాయల్ని కొరికేస్తాయి. అన్నిటికన్నా పెద్దది, నాలుగు చెట్ల గింజ పులవదు. కుప్ప చిన్నదైతే వేడెక్కదు, వేడెక్కకపోతే రుచి పుట్టదు. ఒక పెట్టె సరిగ్గా పులవాలన్నా యాభై కిలోల పచ్చిగింజైనా ఒకేసారి పడాలి. అంటే పక్క తోటలవాళ్లు కూడా వేయాలి, అందరూ ఒకే రోజు కాయ కోయాలి.

మావయ్య చాలాసేపు ఆలోచించి, బోరు పక్కనున్న మడి చూపించాడు. పక్క తోట తోడల్లుడిని కూడా అడుగుతానన్నాడు. మొక్కల సంగతి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో కనుక్కునే పని నాది. ఎండలు ముదిరాయి కనుక ఇంట్లో బార్ల పని కార్తీకం దాకా ఆపుతున్నాను. ఈలోగా జూన్‌లో ఏలూరు రైతుగారు పెట్టె నింపే రోజున వెళ్లి, ఒక పెట్టెను ఐదో రోజు, ఇంకోదాన్ని ఏడో రోజు తీయించి, రెండు సంచులు విడివిడిగా తెచ్చుకోవాలి. ఆయన సరేనన్నారు.